నారింజ దీపం వెలిగితే ముందు బ్యాకప్, తర్వాతే కొటేషన్

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఆఫీసుల్లో ఫైళ్లు దాచుకునే సర్వర్ల గురించే. విజయనగరం ప్రెస్ ప్రశ్నలో చాలా చిక్కులు ఒకేచోట ఉన్నాయి కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది ఆఫ్‌సెట్ ప్రెస్. 2014లో కొన్న టవర్ సర్వర్ ఉంది. 1 టీబీ డిస్కులు 4, రెయిడ్ 5 (డిస్కుల్ని ఒకటిగా కలిపి వాడే పద్ధతి). వీఎంవేర్ ఈఎస్ఎక్స్‌ఐ 5.5 (సర్వర్‌లో వర్చువల్ మెషీన్లను, అంటే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన కంప్యూటర్లను నడిపే హైపర్‌వైజర్) మీద విండోస్ సర్వర్ 2012 ఆర్2 వర్చువల్ మెషీన్ ఒక్కటే నడుస్తోంది. డొమైన్ లాగిన్లు (అన్ని కంప్యూటర్ల యూజర్లనూ ఒకేచోట గుర్తించే ఏర్పాటు), ఫైళ్లు అన్నీ దాని మీదే. డేటా 1.9 టీబీ, ఏటా 150 జీబీ దాకా పెరుగుతుంది. 22 కంప్యూటర్లున్నాయి. పేజీలు కట్టే పేజ్‌మేకర్, తెలుగు అను ఫాంట్ల కోసం రెండింటిని విండోస్ ఎక్స్‌పీతోనే ఉంచాం. మూడు నెలలుగా ఫైలు సేవ్ చేస్తే చాలాసేపు ఆగిపోతోంది. మూడో డిస్కు దగ్గర నారింజ దీపం వెలుగుతోంది. డేటాస్టోర్‌లో (వర్చువల్ మెషీన్ ఫైళ్లుండే చోటు) 38 జీబీయే ఖాళీ. ఏ సర్వర్ కొనాలి? ఎలా మార్చాలి?
– ప్రెస్ నిర్వాహకులు, విజయనగరం

జవాబు: ఏది కొనాలన్న మాట ఒక వారం పక్కన పెట్టండి. ఈ వారం మీ పని ఆ నారింజ దీపమే. మూడో డిస్కు పోయింది, లేదా పోబోతోంది. రెయిడ్ 5లో ఒక డిస్కు పోయినా పని నడుస్తుంది. రెండోది కూడా పోతే మొత్తం డేటా పోతుంది. ఆ నాలుగు డిస్కులూ ఒకే రోజు కొన్నవి, పదేళ్లకు పైగా ఒకే వేడిలో తిరిగినవి. మిగిలిన మూడూ గట్టిగా ఉన్నాయని నమ్మడానికి ఏ ఆధారమూ లేదు.

ఇలాంటప్పుడు చాలామంది పరుగున కొత్త డిస్కు తెచ్చి పెట్టేస్తారు. పెట్టగానే డిస్కుల్ని నడిపే రెయిడ్ కార్డు రీబిల్డ్ మొదలుపెడుతుంది. అంటే మిగిలిన మూడు డిస్కుల్ని మొదటి సెక్టారు నుంచి చివరిదాకా, ఖాళీ చోటుతో సహా చదువుతుంది. అలసిన డిస్కు సాధారణంగా ఆ చదువులోనే పడిపోతుంది. అందుకే ముందు బ్యాకప్ తీయండి, డిస్కు మార్పు ఆ తర్వాతే. 5 టీబీ బయటి డిస్కు ఒకటి కొని, యూఎస్‌బీ 3 ఉన్న కంప్యూటర్‌కు తగిలించి, నెట్‌వర్క్ మీదుగా కాపీ చేయండి. సర్వర్‌కే తగిలించాలని చూడకండి. ఆ కాలపు సర్వర్లలో చాలావాటికి యూఎస్‌బీ 2.0 పోర్టులే ఉంటాయి, సెకనుకు 30 ఎంబీ మించదు, మీ డేటాకు 18 గంటలు పడుతుంది. నెట్‌వర్క్ సరిగా ఉంటే సెకనుకు 110 ఎంబీ దాకా వెళ్లొచ్చు. ఆ కంప్యూటర్‌లో లింక్ స్పీడ్ 1 జీబీపీఎస్ అని చూపుతోందో లేదో ముందే చూసుకోండి. వయరులో ఒక జత తెగి 100 ఎంబీపీఎస్‌కి పడిపోతే 11 ఎంబీయే వస్తుంది, కాపీకి రెండు రోజులు దాటుతుంది.

కాపీ చేసే వరుస కూడా ముఖ్యం. మధ్యలో సర్వర్ కూలినా నష్టం తక్కువగా ఉండాలి. కాబట్టి మొదట ఈ ఏడాది జాబులు, అకౌంట్లు, తర్వాత నిరుటివి, పాత క్యాలెండర్లు, కరపత్రాలు అన్నిటికన్నా చివర. అయ్యాక ఏవో ఇరవై ఫైళ్లు ఆ డిస్కు నుంచే తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలో వేసుకోవద్దు.

సేవ్ ఆలస్యానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, పోయిన డిస్కులోని డేటాను ప్రతిసారీ మిగతా మూడింటి నుంచి లెక్కగట్టి తీయాల్సి రావడం. రెండోది రెయిడ్ కార్డు మీది బ్యాటరీ. అది చచ్చిపోతే కార్డు తన క్యాష్ మెమరీని నమ్మడం మానేసి, ప్రతి రాతనూ డిస్కు మీద పడేదాకా ఆపుతుంది. చదవడం మామూలుగానే ఉండి రాయడం మాత్రం బాగా నెమ్మదిస్తే బ్యాటరీనే అనుమానించండి.

డేటాస్టోర్‌లో చోటు తరగడం గురించి ఒక హెచ్చరిక. డేటాస్టోర్ బ్రౌజర్ తెరిచి వర్చువల్ మెషీన్ ఫోల్డర్‌లో చూడండి. పేరు చివర 000001 అన్న అంకె ఉన్న డిస్కు ఫైలు కనిపిస్తే, ఎవరో ఎప్పుడో స్నాప్‌షాట్ (మెషీన్ ఆ క్షణంలో ఉన్న స్థితిని దాచడం) తీసి వదిలేశారన్నమాట. ఆ రోజు నుంచి మారిన ప్రతి బ్లాకూ ఆ ఫైల్లోకే పోతోంది. పొరపాటున కూడా ‘రివర్ట్’ నొక్కకండి. నొక్కితే సర్వర్ ఆ పాత తేదీకి వెళ్లిపోతుంది, తర్వాతి పనంతా పోతుంది. ‘డిలీట్’ నొక్కితే అది అసలు డిస్కులో కలుస్తుంది, అది సరైన పద్ధతే. కానీ ఒక డిస్కు పోయిన రెయిడ్ మీద గంటల తరబడి సాగే భారమైన పని అది. ఎలాగూ సర్వర్ మారుస్తున్నారు కాబట్టి దాన్ని కదపకుండా ఉంచమనే మా సలహా. విండోస్ లోపలి నుంచి ఫైళ్లు కాపీ చేస్తే రెండూ కలిసిన తాజా డేటానే వస్తుంది. రోజూ సాయంత్రం ఖాళీ చోటు ఎంతుందో రాసుకోండి. 20 జీబీకి దిగితే కొత్త జాబుల్ని వేరే కంప్యూటర్‌లో పెట్టించండి. విండోస్‌లో ఫైళ్లు తుడిచినా ఆ స్నాప్‌షాట్ ఫైలు తగ్గదు. డేటాస్టోర్ పూర్తిగా నిండితే వర్చువల్ మెషీన్ ఉన్నచోటే ఆగిపోతుంది.

ఇప్పుడు కొనుగోలు. ‘వర్చువలే కదా, ఉన్న మెషీన్‌ను యథాతథంగా కొత్త పెట్టెలోకి మార్చేస్తే పోదా’ అని మీ సరఫరాదారు అనొచ్చు. వద్దు. విండోస్ సర్వర్ 2012 ఆర్2కు సాధారణ భద్రతా అప్‌డేట్లు 2023 అక్టోబరు 10తో ఆగాయి. ఈఎస్ఎక్స్‌ఐ 5.5కు 2018 సెప్టెంబరులోనే ఆగాయి. కొత్త పెట్టెలో పాత విండోస్ పెడితే ఇదే మార్పు మరోసారి చేయాల్సి వస్తుంది. కొత్త వర్చువల్ మెషీన్ కట్టి, డేటా మాత్రమే తరలించండి.

డిస్కుల లెక్క ఇది. ఇప్పుడు 1.9, ఐదేళ్ల పెరుగుదల 0.75, మొత్తం 2.65 టీబీ. పొరపాటున తుడిచిన ఫైలు వెనక్కి తెచ్చుకునే షాడో కాపీలకు 15 శాతం కలిపితే 3 టీబీ దాటుతుంది. డిస్కులో అయిదో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉండాలంటే 3.8 టీబీ కావాలి. రెండు 4 టీబీ డిస్కుల మిర్రర్‌కు (రెండింట్లోనూ ఒకే డేటా ఉండే పద్ధతి) విండోస్ చూపేది 3.63 మాత్రమే, చాలదు. 4 టీబీ డిస్కులు నాలుగు రెయిడ్ 10లో (రెండు మిర్రర్లను కలిపే పద్ధతి) పెడితే 7.27 వస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లకు విడిగా రెండు 480 జీబీ ఎస్ఎస్‌డీలు మిర్రర్‌లో. 32 జీబీ ఈసీసీ ర్యామ్ (తప్పులు తానే సరిదిద్దుకునే రకం) చాలు. 8 కోర్ల ప్రాసెసర్ ఫైళ్ల పనికి ఎక్కువే. బీరువాలో ఒక 4 టీబీ డిస్కు అదనంగా ఉంచండి. డిస్కు పోయిన రోజే మార్చగలిగితే, విశాఖ నుంచి తెప్పించే రోజుల్లో దేవుడి మీద భారం వేయనక్కర్లేదు. రెయిడ్ కార్డుకు బ్యాటరీ లేదా ఫ్లాష్ రక్షణ ఉన్న క్యాష్ అడగండి, కొటేషన్లలో ధర తగ్గించడానికి మొదట కోసేది దాన్నే.

కింద నడిచే హైపర్‌వైజర్‌గా మీకు విండోస్ సర్వర్‌తో వచ్చే హైపర్-వీ సరిపోతుంది. బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లాక వీఎంవేర్ శాశ్వత లైసెన్సుల అమ్మకం 2023 డిసెంబరులో ఆగింది. ఉచిత ఈఎస్ఎక్స్‌ఐ 2025లో తిరిగి వచ్చింది గానీ దానితో బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు సరిగా పనిచేయవు. లినక్స్ తెలిసిన మనిషి చేతికింద ఉంటే లినక్స్ మీద నడిచే హైపర్‌వైజర్ ప్రాక్స్‌మాక్స్ కూడా మంచిదే. విండోస్ సర్వర్ స్టాండర్డ్ లైసెన్సు ఒక్కటి కనీసం 16 కోర్లకు కొనాలి, దానితో రెండు వర్చువల్ మెషీన్లు నడుపుకోవచ్చు. మీకు కావలసినవీ రెండే, లాగిన్లు చూసుకునే డొమైన్ కంట్రోలర్ ఒకటి, ఫైల్ సర్వర్ ఒకటి. ఇకమీదట ఈ రెండింటినీ ఒకే మెషీన్‌లో కలపకండి.

కొటేషన్‌లో క్యాల్‌లు, అంటే వాడకందారుల లైసెన్సులు ఉన్నాయో లేదో చూడండి. 2012 క్యాల్‌లు కొత్త సర్వర్‌కు చెల్లవు. ఒకే కంప్యూటర్‌ను రెండు షిఫ్టుల్లో ఇద్దరు వాడితే డివైస్ క్యాల్ (మనిషికి కాక కంప్యూటర్‌కు తీసుకునేది) లాభం.

వెర్షన్ 2022 తీసుకోండి. దానికి 2031 అక్టోబరు 14 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. 2025 కొత్తదే కానీ, అది డొమైన్ కంట్రోలర్‌గా చేరాలంటే డొమైన్ స్థాయి (కంట్రోలర్లన్నీ కనీసం ఏ వెర్షన్‌వో చెప్పే అమరిక) 2016 ఉండాలి. 2012 ఆర్2 కంట్రోలర్ ఉన్నంతకాలం ఆ స్థాయికి ఎక్కలేరు. మీ డొమైన్ 2003 కాలం నుంచి వస్తున్నదైతే మరో మెట్టు ఉంది. సిస్‌వాల్ (కంట్రోలర్లు పంచుకునే డొమైన్ ఫోల్డర్) ఇంకా పాత ఎఫ్ఆర్ఎస్ కాపీ పద్ధతిలో ఉంటే 2022 కంట్రోలర్‌ను చేరనివ్వదు, ముందు కొత్త పద్ధతి డీఎఫ్ఎస్ఆర్‌కు మార్చాలి.

తరలింపు వరుస: మొదట కొత్త కంట్రోలర్‌ను డొమైన్‌లో చేర్చి, అయిదు ఎఫ్ఎస్ఎంఓ పాత్రలూ (ఒక్కోటి ఒక్క కంట్రోలరే చేసే ముఖ్య బాధ్యతలు) దానికి అప్పగించండి. డీహెచ్‌సీపీలో (కంప్యూటర్లకు ఐపీ పంచే సేవ) డీఎన్ఎస్ (పేర్లను వెతికిపెట్టే సేవ) అడ్రసు మార్చి వారం ఆగండి. చేత్తో ఐపీ వేసిన కంప్యూటర్లలో విడిగా మార్చాలి, ఒక్కటి మరిచినా అది లాగిన్ కాదు. తర్వాత పాతదాన్ని డిమోట్ చేయండి, అంటే దాని కంట్రోలర్ హోదా తీసేయండి. ఫైళ్లు దాని మీదే మామూలుగా నడుస్తుంటాయి. హైపర్-వీ హోస్టుకు (వర్చువల్ మెషీన్లను మోసే అసలు సర్వర్) లోకల్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ రాసి భద్రపరచండి. కరెంటు పోయి వచ్చినప్పుడు హోస్టు ముందు లేస్తుంది, డొమైన్ ఇంకా నిద్రలోనే ఉంటుంది, అప్పుడు అక్కరకొచ్చేది ఆ పాస్‌వర్డే.

మీ సర్వరే డొమైన్ కంట్రోలర్ కావడం ఒక విధంగా మేలైంది. ఫోల్డర్ అనుమతులన్నీ డొమైన్ పేర్ల మీదే ఉంటాయి కాబట్టి కొత్త చోట అలాగే పనిచేస్తాయి. సర్వర్ మీది లోకల్ యూజర్లకు అనుమతులిచ్చిన ఆఫీసుల్లో మాత్రం, తరలించాక సెక్యూరిటీ ట్యాబ్‌లో పేర్ల బదులు ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడవైన అంకెలు, పక్కన ప్రశ్నార్థకం బొమ్మ కనిపిస్తాయి. అలాంటివారు కాపీకి ముందే కొత్త గ్రూపులు కట్టుకోవాలి.

కాపీకి విండోస్‌తోనే వచ్చే రోబోకాపీ కమాండ్ చాలు. /ఎంఐఆర్, /కాపీఆల్, /డీకాపీ:డీఏటీ, /బీ, /ఎంటీ:16 వాడండి. /ఆర్:1, /డబ్ల్యూ:1 తప్పనిసరిగా పెట్టండి. అవి లేకపోతే తెరుచుకోని ఒక్క ఫైలు కోసం 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, తెల్లారి చూస్తే కాపీ అక్కడే ఉంటుంది. లాగ్ కోసం /లాగ్ బదులు /యూనిలాగ్ పెట్టండి. మీ ఫోల్డర్లకు తెలుగు పేర్లుంటే మామూలు లాగ్‌లో అన్నీ ప్రశ్నార్థకాలే కనబడతాయి, ఏ పెళ్లి కార్డు కాపీ కాలేదో తెలుసుకోలేరు. గమ్యాన్ని అచ్చం మూలంలా మార్చే /ఎంఐఆర్ రెండువైపులా పదునున్న కత్తి. మూలం, గమ్యం తారుమారైతే ఖాళీ కొత్త సర్వర్‌ను చూసి పాత డేటాను తుడిచేస్తుంది. మొదటిసారి /ఎల్ చేర్చి ఏం చేయబోతోందో చదవండి. ముగింపు కోడ్ 8, అంతకు మించి వస్తే కొన్ని ఫైళ్లు కాపీ కాలేదని అర్థం. మొదటి కాపీ పని జరుగుతుండగానే శని, ఆదివారాల్లో నడపండి. తర్వాత రోజూ రాత్రి తేడాలు మాత్రమే వస్తాయి. పాత డ్రైవులో డీడూప్లికేషన్ (ఒకేలాంటి డేటాను ఒక్కసారే దాచే సౌకర్యం) పెట్టి ఉంటే 1.9 టీబీ కొత్త చోట ఇంకా ఉబ్బుతుంది, పైన వేసిన లెక్క అప్పుడు మార్చుకోవాలి.

పేరు మార్పు మీ ప్రెస్‌కు అన్నిటికన్నా సున్నితమైన చోటు. పేజ్‌మేకర్ ఫైలు తన బొమ్మలు ఎక్కడున్నాయో పూర్తి దారితో గుర్తుపెట్టుకుంటుంది. జడ్ డ్రైవు కాస్తా వై డ్రైవు అయితే, నిరుటి శుభలేఖ తెరవగానే ప్రతి బొమ్మ ఎక్కడుందో అడుగుతుంది. అందుకే డ్రైవు అక్షరం, షేర్ల (నెట్‌వర్క్‌లో పంచిన ఫోల్డర్ల) పేర్లు, ఫోల్డర్ అమరిక, సర్వర్ పేరు, ఐపీ అన్నీ పాతవే కొత్త ఫైల్ సర్వర్‌కు రావాలి. షేర్ల జాబితాను పాత రిజిస్ట్రీలోని ల్యాన్‌మ్యాన్‌సర్వర్ కింద ‘షేర్స్’ కీ నుంచి ఎగుమతి చేసి తెచ్చుకోవచ్చు, డ్రైవు అక్షరాలు ఒకటే అయితేనే. ఫోల్డర్లను ఈ సందర్భంలోనే సర్దేద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తే ఆరు నెలలు ఆపండి.

మార్పు రోజున శనివారం రాత్రి అందరూ వెళ్లాక పాత షేర్లను చదవడానికి మాత్రమే అన్నట్టు మార్చి, చివరి రోబోకాపీ నడపండి. పాతదానికి వేరే పేరు, వేరే ఐపీ ఇచ్చి రీస్టార్ట్ చేశాక, కొత్తదానికి ఆ పేరు, ఐపీ ఇవ్వండి. ఆదివారం పొద్దున ఒక్కో రకం కంప్యూటర్‌లో ఒక్కొక్కటి పరీక్షించండి: పేజ్‌మేకర్‌లో పాత జాబు, కొత్తగా సేవ్, ప్లేట్ మెషీన్ కనిపెట్టుకుని ఉండే హాట్ ఫోల్డర్, స్కానర్, ట్యాలీ. ట్యాలీ డేటాను అందరూ మూసేశాకే కాపీ చేయాలి. సాయంత్రం 4 గంటలకు గడువు పెట్టుకోండి. అప్పటికి ఏదైనా ముఖ్యమైనది కదలకపోతే పేర్లు తిరగమార్చి వెనక్కి వెళ్లండి. కొత్తదాని మీద ఇంకా ఎవరూ పని చేయలేదు కాబట్టి నష్టం లేదు. సోమవారం ఒక్క జాబు సేవ్ అయిందంటే ఆ దారి మూసుకున్నట్టే.

ఎక్స్‌పీ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకోవడానికి పాత ఎస్ఎంబీ 1 భాష మాత్రమే మాట్లాడతాయి, సర్వర్ 2022లో అది మొదటి నుంచే ఉండదు. వాటికోసం దాన్ని తిరిగి పెట్టకండి. 2017 మేలో ఫైళ్లకు తాళాలు వేసిన వనాక్రై వైరస్ పాకింది ఆ దారినే. పేజ్‌మేకర్ ఎక్స్‌పీ మీదే కావాలంటే విండోస్ 11 కంప్యూటర్ లోపల ఎక్స్‌పీని వర్చువల్ మెషీన్‌గా, నెట్‌వర్క్ లేకుండా నడపండి. ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్ సౌకర్యంతో వెళ్లివస్తాయి. డాంగిల్ (లైసెన్సు కోసం గుచ్చే పరికరం) ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే యూఎస్‌బీ డాంగిల్ లోపలికి అందుతోందో లేదో ముందే పరీక్షించండి. ఆ ఎక్స్‌పీ లోపల కూడా షేర్డ్ ఫోల్డర్‌కు పాత డ్రైవు అక్షరమే ఇవ్వాలి. పాత స్కానర్లకు, కాపియర్లకు కూడా ఈ ఎస్ఎంబీ 1 సమస్యే వస్తుంది.

ముహూర్తం మాటకొస్తే, మీకు ఆషాఢం అనువైనది. పెళ్లిళ్లు ఉండవు, శుభలేఖల ఒత్తిడి ఉండదు. శ్రావణం రాకముందే కొత్తదానికి అలవాటు పడతారు. అక్టోబరు వద్దే వద్దు. పైడితల్లమ్మ పండగ పనులు, ఆ వెంటనే క్యాలెండర్లు, పైగా తుఫాన్లు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. పాత సర్వర్‌ను మార్పు తర్వాత మూడు నెలలు ఆపి ఉంచండి, డిస్కులు తీయకండి.

ప్రశ్న: మా ఆడిట్ ఆఫీసులో 6 కంప్యూటర్లు. డేటా 400 జీబీ. మాకూ వర్చువల్ సర్వర్ అవసరమా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: అవసరం లేదండీ. రెండు డిస్కుల నాస్ పెట్టెలో (నేరుగా నెట్‌వర్క్‌కు కలిపే ఫైళ్ల పెట్టె) 4 టీబీ డిస్కులు మిర్రర్ చేసి పెట్టుకోండి. విండోస్ 11 ప్రో 24హెచ్2 నుంచి పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లు తెరుచుకోవు, కాబట్టి ఆరుగురికీ విడి యూజర్ పేర్లు ఇవ్వండి. ఇంటి నుంచి చూడ్డానికని రౌటర్‌లో పోర్టు తెరవకండి. 2021, 22లో అలా తెరిచిపెట్టిన నాస్‌లను హ్యాకర్లు వెతికి మరీ ఫైళ్లకు తాళాలు వేశారు. వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసుకు రహస్య దారి) వాడండి. మిర్రర్ ఉంది కదా అని బ్యాకప్ మానకండి, తుడిచిన ఫైలు రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది.

ప్రశ్న: జీడిపప్పు యూనిట్ ఆఫీసులో కొత్త సర్వర్ పెట్టాం. కరెంటు మాటిమాటికీ పోతుంది. 1 కేవీఏ యూపీఎస్ చాలా? ఇన్వర్టర్‌కు కలపొచ్చా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: సర్వర్ 300 వాట్లు తీసుకుంటుందనుకుందాం. 1 కేవీఏలో సాధారణంగా 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీలు రెండుంటాయి, కాగితం మీద 168 వాట్ అవర్లు. వేగంగా ఖాళీ చేసినప్పుడు దాదాపు సగమే చేతికొస్తుంది. కొత్తలో పావుగంట, రెండేళ్లకు ఏడెనిమిది నిమిషాలు. అది జనరేటర్ అందుకోవడానికి, లేదా సర్వర్ సక్రమంగా ఆగడానికి మాత్రమే. యూపీఎస్ నుంచి యూఎస్‌బీ కేబుల్ హోస్టుకు కలపండి. కరెంటు పోయిన 3 నిమిషాలకు షట్‌డౌన్ మొదలవ్వాలి, ముందు వర్చువల్ మెషీన్లు, తర్వాత హోస్టు. ఈ కేబుల్ చాలాచోట్ల పెట్టెలోంచి బయటికే రాదు. నెట్‌వర్క్ స్విచ్‌ను కూడా అదే యూపీఎస్ మీద పెట్టండి.

చదరపు తరంగం ఇచ్చే ఇన్వర్టర్‌కు సర్వర్‌ను కలపొద్దు, పవర్ సప్లై వేడెక్కుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ప్యూర్ సైన్‌వేవ్ ఆన్‌లైన్ యూపీఎస్ మేలు. న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య మల్టీమీటర్ పెట్టించి చూడండి. 3 వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ పిట్ చూపించాలి. నెలకోసారి సెలవు రోజున గోడ స్విచ్ ఆపి, షట్‌డౌన్ చివరిదాకా అవుతుందో లేదో గడియారం పెట్టుకుని చూడండి. బ్యాకప్ డిస్కులు రెండు ఉంచి, వారం వారం మార్చుతూ ఒకటి పలాసలో కాకుండా వేరే ఊళ్లో పెట్టండి. తిత్లీ తీరం దాటింది మీ దగ్గరే కదా.

ప్రశ్న: పాత సర్వర్ డిస్కుల్ని ఫార్మాట్ చేసి అమ్మేయొచ్చా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: క్విక్ ఫార్మాట్‌తో డేటా పోదు. రెయిడ్‌లోంచి ఒక్కో డిస్కూ తీసి మామూలు కంప్యూటర్‌కు కలిపి, మొత్తం ఒకసారి సున్నాలతో రాయించండి. తిరిగే డిస్కుకు ఒక్కసారి చాలు, ఏడుసార్లు అక్కర్లేదు. 1 టీబీకి రెండు నుంచి మూడు గంటలు. ఎస్ఎస్‌డీకి ఇది పనికిరాదు, తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. రాయడానికి మొరాయించే డిస్కు ఉంటే లోపల తిరిగే పళ్లేల (ప్లాటర్ల) గుండా మూడు నాలుగు చోట్ల డ్రిల్లు చేయించి, గుర్తింపు ఉన్న ఈ-వ్యర్థాల రీసైక్లర్‌కే ఇవ్వండి. తుడిచిన ప్రతి డిస్కు సీరియల్ నంబరు, తేదీ ఒక కాగితం మీద రాసి ఆఫీసు ఫైల్లో పెట్టండి.